పోలిక ఒకటి, జబ్బు ఇంకొకటి: థైరాయిడ్ గడ్డలపై మీ ఉత్తరాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గొంతు గడ్డల గురించే. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల నుంచీ రాశారు. అన్నిటిలోనూ ఒకటే బాధ. సూది పరీక్షలో ఒక పేరు, ఆపరేషన్ తర్వాత ఇంకో పేరు, లేదంటే ఒకే గడ్డకి ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లు. నేను ఆపరేషన్ చేసే డాక్టర్ని కాను, పాథాలజిస్టుని. మీ గడ్డలోంచి తీసిన కణాలను మైక్రోస్కోపు కింద చూసి అది ఏ జబ్బో చెప్పడం నా పని. కాబట్టి ఈ బాధలో మా వాళ్ల పాత్ర కూడా ఉంది. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చాను. ఉత్తరాలను కుదించాను, పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నాకు 46 ఏళ్లు, ఇంట్లో మిషన్ కుడతాను. గొంతుకి కుడివైపు రెండు సెంటీమీటర్ల గడ్డ ఉందని స్కానింగ్‌లో తేలింది. సూది పరీక్ష చేస్తే ‘పాపిల్లరీ కార్సినోమా, బెథెస్డా 6’ అని రాశారు. థైరాయిడ్ మొత్తం తీసేయాలన్నారు. మా తమ్ముడు అవే స్లైడ్లు విశాఖ తీసుకెళ్లి ఇంకో డాక్టరుకి చూపిస్తే, ఇది హయలినైజింగ్ ట్రాబెక్యులర్ ట్యూమర్ కూడా కావచ్చు, అదే అయితే క్యాన్సర్‌లా పాకే జబ్బు కాదు, తొందరపడకండి అన్నారట. ఒకరు క్యాన్సర్ అంటారు, ఒకరు కాకపోవచ్చంటారు. ఎవరిని నమ్మాలో తెలీక నిద్ర పట్టట్లేదు. (బొబ్బిలి)

జవాబు: అమ్మా, ఇద్దరూ మీకు అబద్ధం చెప్పలేదు. బెథెస్డా అంటే సూది పరీక్ష ఫలితానికి ఒకటి నుంచి ఆరు వరకు వేసే అంకె, ఆరు అంటే కణాలు క్యాన్సర్‌లాగే కనిపించాయని. మొదటి డాక్టరుగారు చూసినదాన్ని చూసినట్టే రాశారు, రెండో ఆయన అదే చూసి ఇంకో అనుమానం కూడా పెట్టుకున్నారు. ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

థైరాయిడ్ క్యాన్సర్లలో నూటికి 80కి పైగా పాపిల్లరీ రకమే. దాన్ని మేము గుర్తుపట్టేది ముఖ్యంగా కణం మధ్యలో ఉండే కేంద్రకాన్ని చూసి. కేంద్రకం పొడవుగా సాగి ఉంటుంది, గోధుమ గింజ మీద ఉండే గీతలాగా దాని మీద ఒక గాడి ఉంటుంది, కొన్నిటిలో మధ్యలో చిల్లు పడ్డట్టు ఖాళీగా కనిపిస్తుంది. ఈ మూడూ కనిపిస్తే ఏ పాథాలజిస్టుకైనా ముందు పాపిల్లరీయే గుర్తొస్తుంది. హయలినైజింగ్ ట్రాబెక్యులర్ ట్యూమర్‌లో సరిగ్గా ఇవే ఉంటాయి. పైగా ఆ చిల్లులు పాపిల్లరీలో కంటే ఎక్కువగా కూడా కనిపించవచ్చు. అందుకే ఈ అరుదైన గడ్డ సూది పరీక్షలో చాలాసార్లు పాపిల్లరీ పేరుతోనే బయటికి వస్తుంది. 1987లో దీన్ని మొదటిసారి విడిగా వర్ణించారు, అంతకుముందు ఇలాంటివి పాపిల్లరీల్లోనో ఇంకో దాంట్లోనో కలిసిపోయేవి.

మీ ఊరి చుట్టుపక్కల వరి పండించేవాళ్లని అడగండి, ఊద గడ్డి చిన్నప్పుడు వరి మొక్కలాగే ఉంటుంది, ఆకు కొస మాత్రమే చూస్తే ఎవరికీ తెలీదు. తెలిసిన రైతు ఆకు కాండానికి అతుక్కున్న చోట చూస్తాడు. వరికి అక్కడ చిన్న పొర ఉంటుంది, ఊదకి ఉండదు. సూది పరీక్షలో మాకు దొరికేది ఆకు కొస లాంటిదే. కణాలు విడివిడిగా వస్తాయి, అవి గడ్డలో ఏ అమరికలో ఉన్నాయో రాదు. గడ్డ మొత్తం చేతికి వచ్చి, కోసి, పలచటి పొరలుగా చూసినప్పుడు తేడా తెలుస్తుంది. పాపిల్లరీలో కణాలు చిన్న చిన్న చేతి వేళ్లలాగా లేచి ఉంటాయి, లేదా పక్క కణజాలంలోకి చొరబడి ఉంటాయి. మీకు అనుమానించిన గడ్డలో కణాలు దూలాల్లాగా వరుసల్లో ఉండి, వాటి మధ్య గులాబీ రంగు గాజులాంటి పదార్థం పేరుకుని ఉంటుంది, గడ్డ అంచు నునుపుగా ఉంటుంది.

చూపుతో తేలకపోతే రంగు పరీక్షలున్నాయి, వాటిని ఐహెచ్‌సీ అంటాం. ఇందులో ఒక విచిత్రం ఉంది. కి-67 అనే పరీక్షలో రంగు ఎప్పుడూ కేంద్రకంలోనే పడుతుంది. ఈ గడ్డలో మాత్రం కణం చుట్టూ అంచు మీద పడుతుంది. అది కూడా ఎంఐబీ-1 అనే యాంటీబాడీ వాడి, గది ఉష్ణోగ్రత దగ్గర చేస్తేనే బాగా కనిపిస్తుంది. మెషీన్‌లో 37 డిగ్రీల దగ్గర చేస్తే కనబడకుండా పోవచ్చు. అలా కనబడకపోతే ‘లేదు’ అనుకుని మళ్లీ పాపిల్లరీ అని రాసే ప్రమాదం ఉంది. జన్యు పరీక్షలో అయితే పాపిల్లరీల్లో ఎక్కువగా కనిపించే, బ్రాఫ్ అనే జన్యువులో వచ్చే మార్పు ఇందులో ఉండదు. 2019లో దీనికి సొంతంగా ఒక గుర్తు దొరికింది, పాక్స్8, గ్లిస్3 అనే రెండు జన్యువులు ఒకదానికొకటి అతుక్కోవడం. ఇది పాపిల్లరీలో ఉండదు.

ఇక మీరు ఏం చేయాలి. బెథెస్డా 6 అని రాసినవాటిలో నూటికి సుమారు 97 నిజంగా క్యాన్సర్లే అవుతాయి. కాబట్టి ‘కాకపోవచ్చు’ అన్న మాట పట్టుకుని ఆపరేషన్ మానేయకండి. ఆ మిగిలిన కొద్దిలో మీరు ఉన్నారేమో చూసుకోవడానికి మాత్రం మీకు పూర్తి హక్కు ఉంది, అందుకు కొన్ని రోజులు ఆగితే కొంప మునగదు, ఎందుకంటే పాపిల్లరీయే అయినా అది చాలామందిలో నెమ్మదిగా పెరిగేదే. స్కానింగ్ రిపోర్టు మళ్లీ తీయండి. గడ్డ అంచు గరుకుగా ఉందా, ఇసుక రేణువుల్లాంటి సున్నపు చుక్కలు ఉన్నాయా, అడ్డం కంటే నిలువు ఎక్కువ ఉందా, మెడలో లింఫు గ్రంథులు తేడాగా ఉన్నాయా అని అడగండి. ఇవి ఉంటే పాపిల్లరీ వైపు మొగ్గుతుంది. ఇవేవీ లేకుండా గుండ్రంగా, నునుపుగా ఉంటే రెండో డాక్టరుగారి అనుమానానికి బలం వస్తుంది. వీలైతే సూదితో తీసిన కణాల మీదే బ్రాఫ్ పరీక్ష చేయించండి. అందులో మార్పు ఉందని వస్తే విషయం తేలిపోయినట్టే. లేదని వస్తే మాత్రం ఏమీ తేలదు, ఎందుకంటే అన్ని పాపిల్లరీల్లోనూ ఆ మార్పు ఉండదు.

అప్పుడు మీ సర్జన్ గారిని ఒకే మాట అడగండి: ‘గడ్డ ఉన్న రెక్క ఒక్కటి తీసి, పరీక్షలో పేరు తేలాక మిగతాది చూద్దామా?’ అని. మీ గడ్డ రెండు సెంటీమీటర్లు, ఒక వైపే ఉంది. లింఫు గ్రంథులు బాగుంటే, చివరికి పాపిల్లరీ అని తేలినా ఒక రెక్క తీయడం చాలామందికి సరిపోతుంది. మొత్తం తీసేస్తే జీవితాంతం రోజూ పొద్దున్నే మాత్ర వేసుకోవాలి, కాల్షియం చూసే పక్క గ్రంథులకి దెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది, గొంతు నరం ప్రమాదం రెండు వైపులా ఉంటుంది. మిషన్ మీద పొద్దంతా కూర్చునే మీకు, కాల్షియం తగ్గి వేళ్లు కొంకర్లు పోతే ఎంత కష్టమో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్లు. 11 ఏళ్ల క్రితం క్యాన్సర్ అని ఒక కిడ్నీ తీసేశారు, అప్పటి నుంచి బాగానే ఉన్నారు. ఇప్పుడు గొంతులో గడ్డ వచ్చింది. సూది పరీక్షలో ‘ఫాలిక్యులర్ నియోప్లాజం’ అని వచ్చింది. కిడ్నీ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు, దానికీ దీనికీ సంబంధం ఏముందిలే అనుకున్నాం. చెప్పాల్సిందా? (నరసన్నపేట)

జవాబు: చెప్పాల్సింది బాబూ, ఇప్పుడైనా చెప్పండి. రేపే వెళ్లి చెప్పండి. ఆపరేషన్ తేదీ ఖరారయ్యే లోపు.

థైరాయిడ్‌కి రక్తం చాలా ఎక్కువగా వస్తుంది, ఇంకో చోట పుట్టిన క్యాన్సర్ కణాలు రక్తంలో కొట్టుకొచ్చి అక్కడ దిగడం అరుదే కానీ జరుగుతుంది. అలా బయటపడేవాటిలో కిడ్నీ నుంచి వచ్చేది ముందు వరసలో ఉంటుంది. పైగా అది ఎప్పుడో మర్చిపోయాక వస్తుంది, పది పదిహేనేళ్ల తర్వాత వచ్చినవాళ్లు ఉన్నారు. కణాలు తెల్లగా, లోపల నీళ్లున్నట్టు కనిపిస్తాయి. థైరాయిడ్‌లో పుట్టే ఫాలిక్యులర్ గడ్డల్లో కూడా కొన్నిసార్లు అచ్చం అలాంటి తెల్ల కణాలే ఉంటాయి. కిడ్నీ సంగతి తెలియనివాళ్లు ఫాలిక్యులర్ అని రాయడమే సహజం.

నాకే జరిగింది ఇది, చాలా ఏళ్ల క్రితం. నా దగ్గరికి వచ్చిన కాగితం మీద ‘థైరాయిడ్ గడ్డ, పురుషుడు’ అని తప్ప ఏమీ లేదు. నేను ఫాలిక్యులర్ నియోప్లాజం అని రాసి పంపేశాను. రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన ఆయన భార్య మాటల మధ్యలో ‘ఆయనకి ఒక కిడ్నీ లేదమ్మా, ఈ ఆపరేషన్ తట్టుకుంటారా’ అంది. రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. ఆ సాయంత్రం అవే స్లైడ్లు మళ్లీ చూస్తే, పొద్దున నేను పట్టించుకోని సంగతులు ఒక్కొక్కటీ కనబడ్డాయి. ఆవిడ ఆ మాట అనకపోతే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పటి నుంచి సూది పరీక్షకి వచ్చిన ప్రతి ఒక్కరినీ పాత ఆపరేషన్లన్నీ నేనే అడుగుతున్నాను.

తేల్చడం కష్టమేమీ కాదు. థైరోగ్లోబులిన్, టీటీఎఫ్-1 అనే రంగులు థైరాయిడ్ కణాలకి పడతాయి, కిడ్నీ కణాలకి పడవు. సీడీ10, సీఏ-9 అనేవి కిడ్నీ వైపు చెప్తాయి. ఒక్కటి జాగ్రత్త, పాక్స్8 అనే రంగు రెండిటికీ పడుతుంది, అదొక్కటే చేసి థైరాయిడే అని రాస్తే తప్పవుతుంది. ఇంకో సంగతి, పాత కిడ్నీ ఆపరేషన్ చేసిన చోట ఆ బ్లాకులు, అంటే తీసిన గడ్డ ముక్కల్ని మైనంలో పెట్టి దాచినవి, ఇంకా ఉన్నాయేమో కనుక్కోండి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ పాథాలజిస్టుకైనా ధైర్యం వస్తుంది. కిడ్నీదే అని తేలితే, థైరాయిడ్ క్యాన్సర్ కణాల్ని చంపడానికి ఇచ్చే రేడియో అయోడిన్ మందు పనికిరాదు. అప్పుడు ఒళ్లంతా స్కాన్ చేసి, వేరే చోట లేకపోతే థైరాయిడ్ గడ్డని తీయడం, ఉంటే మందులతో వైద్యం చేయడం, ఇలా దారి మొత్తం మారిపోతుంది.

ఉద్దానం వైపు నుంచి ఉత్తరాలు రాసేవాళ్ల కోసం ఒక మాట. మీ ప్రాంతంలో క్రియాటినిన్ పెరిగి డయాలసిస్ వరకు వెళ్లే కిడ్నీ జబ్బు వేరు, నేను ఇక్కడ చెప్పే కిడ్నీ క్యాన్సర్ వేరు. మీ ప్రాంతపు కిడ్నీ జబ్బు ఉందని థైరాయిడ్ గడ్డ చూసి భయపడకండి.

ప్రశ్న: మా అత్తగారికి 70 ఏళ్లు. పదిహేనేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు, హాషిమోటో అని అప్పుడే చెప్పారు. నెలన్నర నుంచి గొంతు గబగబా వాచిపోయింది, పడుకుంటే ఆయాసం, మింగడం కష్టం. సూది పరీక్షలో ‘అనాప్లాస్టిక్ కావచ్చు’ అని రాశారట. ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. మా ఆయన ఏడుస్తున్నారు. ఏటి చేయమంటారు? (రాజాం)

జవాబు: తల్లీ, ఈ పత్రిక మీ చేతికి వచ్చేవరకు ఆగకుండా మీకు ఫోనులోనే చెప్పాను, అయినా ఇలాంటి ఇల్లు ఇంకోటి ఉండొచ్చని ఇక్కడా రాస్తున్నాను. ‘కావచ్చు’ అని రాసిన కాగితం మీద ఆధారపడి ఎవరినీ ఇంటికి తీసుకెళ్లకండి.

ముసలివాళ్లలో గొంతు వారాల్లో ఉబ్బిపోతే మాకు రెండు పేర్లు గుర్తు రావాలి. ఒకటి అనాప్లాస్టిక్, థైరాయిడ్ క్యాన్సర్లన్నిటిలోకీ భయంకరమైనది అదే. రెండోది థైరాయిడ్‌లో పుట్టే లింఫోమా, అంటే లింఫు కణాల క్యాన్సర్. బయటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, అదే వేగం, అదే ఆయాసం. సూదిలో వచ్చే కొద్దిపాటి చితికిపోయిన కణాల్లో కూడా ఒకదాన్ని ఇంకోటి అనుకోవడం జరుగుతుంది. కానీ ఫలితంలో నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. లింఫోమాకి కీమో, దానితో రిటుక్సిమాబ్ లాంటి మందు, కొందరికి రేడియేషన్ ఇస్తారు, చాలామందిలో గడ్డ రోజుల్లోనే కరగడం మొదలవుతుంది, నయమయ్యేవాళ్లూ ఎక్కువే. దానికి పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు.

మీ అత్తగారి విషయంలో నాకు లింఫోమా మీద అనుమానం ఎందుకంటే ఆ హాషిమోటో. జపాన్ డాక్టరు హకారు హాషిమోటో 1912లో వర్ణించిన జబ్బు అది, మన ఒంటి రక్షణ కణాలే థైరాయిడ్‌లో చేరి దాన్ని దెబ్బతీస్తాయి. థైరాయిడ్ లింఫోమా వచ్చినవాళ్లలో చాలామందికి అంతకుముందు ఏళ్ల తరబడి ఈ జబ్బు ఉంటుంది. (ఇది చదివి హాషిమోటో ఉన్న ఆడవాళ్లంతా కంగారు పడొద్దు. మీలో నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా ఈ లింఫోమా ఎప్పటికీ రాదు. గొంతు ఒక్కసారిగా పెరిగితే మాత్రం మాత్ర డోసు మార్చుకుంటూ కూర్చోకండి.)

కావలసింది సన్న సూది కాదు, లావు సూదితో చిన్న ముక్క తీసే కోర్ బయాప్సీ. ఆ ముక్క మీద సీడీ20, సీడీ3, కెరాటిన్ లాంటి రంగులు వేస్తే చాలావరకు తేలిపోతుంది. వీలైతే ముక్క తీయకముందు స్టెరాయిడ్ ఇవ్వకుండా ఉంటే మేలు, ఎందుకంటే లింఫోమా స్టెరాయిడ్‌కి కరిగిపోయి ముక్కలో ఏమీ కనబడకుండా పోవచ్చు. అయితే ఊపిరి ఆడని పరిస్థితి వస్తే ఆ నియమం పక్కన పెట్టి ప్రాణం చూడాల్సిందే, అది అక్కడున్న డాక్టర్ల నిర్ణయం. శ్రీకాకుళం రిమ్స్‌కి గానీ, విశాఖ కేజీహెచ్‌కి గానీ, అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ వెళ్లండి, ఎక్కడ త్వరగా చూస్తే అక్కడికి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు పట్టుకెళ్లండి.

ముక్కలో అనాప్లాస్టిక్ అనే తేలినా కూడా బ్రాఫ్ పరీక్ష అడగండి. ఆ మార్పు ఉన్నవాళ్లకి డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అనే రెండు మాత్రలు కలిపి ఇచ్చే వైద్యం 2018 నుంచి ఉంది. అందరికీ పని చేయదు, ఖరీదు కూడా. అయినా ఉందన్న సంగతి మీకు తెలియాలి.

ప్రశ్న: అక్కకి సూది పరీక్షలో ఫాలిక్యులర్ అని, ఆపరేషన్ తర్వాత మెడల్లరీ క్యాన్సర్ అని వచ్చింది. రేడియో అయోడిన్ పెట్టిస్తే పూర్తిగా పోతుందని పక్కింటివాళ్లంటున్నారు. ఇంట్లో మేమంతా కాల్సిటోనిన్ పరీక్ష చేయించుకున్నాం. అమ్మకి మాత్రం కొంచెం ఎక్కువ వచ్చింది. అమ్మకి కిడ్నీ జబ్బు ఉంది, గ్యాస్ మాత్ర కూడా రోజూ వేసుకుంటుంది. (కవిటి)

జవాబు: తమ్ముడూ, మెడల్లరీ పగటివేషగాడి లాంటిది. ఒకసారి కణాలు గుండ్రంగా, ఒకసారి కోలగా, ఒకసారి ఫాలిక్యులర్ లాగా గుంపులుగా, ఇంకోసారి నేను పైన బొబ్బిలి అమ్మకి రాసిన ఆ అరుదైన గడ్డలాగా, కేంద్రకంలో చిల్లులతో సహా వస్తుంది. మధ్యలో పేరుకునే అమిలాయిడ్ పదార్థం కూడా గులాబీ రంగులోనే ఉండి మోసం చేస్తుంది. కాంగో రెడ్ అనే రంగు వేసి ప్రత్యేకమైన వెలుగులో చూస్తే పచ్చ ఆపిల్ రంగులో మెరుస్తుంది, అప్పుడు పట్టుబడుతుంది. కాల్సిటోనిన్ అనేది మెడల్లరీ కణాలు తయారుచేసే హార్మోను. దాని రంగు పడి, థైరోగ్లోబులిన్ పడకపోతే ఇంక సందేహం ఉండదు. సూది పరీక్షలో అనుమానం వచ్చిన రోజే రక్తంలో కాల్సిటోనిన్ చూసి ఉంటే ఆపరేషన్‌కి ముందే తెలిసేది. అది పెద్ద ఖర్చు పరీక్ష కాదు, ఇది మాత్రం నాకు బాధగానే ఉంది.

రేడియో అయోడిన్ మాట మర్చిపోండి. అయోడిన్‌ని పీల్చుకునేది థైరాయిడ్ హార్మోను తయారుచేసే కణాలు. మెడల్లరీ పుట్టేది వాటి పక్కనుండే సీ కణాల నుంచి, వాటికి అయోడిన్‌తో పని లేదు. అక్కకి జరగాల్సింది లింఫు గ్రంథులు సరిగ్గా తీశారా లేదా అని చూడటం, కొన్ని నెలలకొకసారి రక్తంలో కాల్సిటోనిన్, సీఈఏ అనే రెండు పరీక్షలు చూసుకుంటూ ఉండటం.

మెడల్లరీ వచ్చిన ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి అది వంశంలో వచ్చేది. కాబట్టి ముందు అక్క రక్తంలో రెట్ జన్యు పరీక్ష చేయించండి. అక్కకి లేకపోతే మీరంతా చాలావరకు ఊపిరి పీల్చుకోవచ్చు. ఉంటే అప్పుడు మీరు, అమ్మ, అక్క పిల్లలు ఒక్కొక్కరూ చేయించుకోవాలి, పిల్లల్లో ముందే థైరాయిడ్ తీసి జబ్బు రాకుండా ఆపిన కుటుంబాలున్నాయి. అదీగాక ఈ వంశ రకంలో కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలో కూడా గడ్డ ఉండొచ్చు, అది తెలియకుండా మత్తు ఇస్తే బీపీ ఒక్కసారిగా లేచిపోతుంది. ఏ ఆపరేషన్‌కైనా ముందు దాన్ని చూడాలి.

అమ్మ సంగతి: కిడ్నీలు సరిగ్గా పని చేయకపోతే కాల్సిటోనిన్ కొంచెం పెరుగుతుంది. గ్యాస్ మాత్రలు కొన్ని రోజూ వేసుకున్నా పెరుగుతుంది. మీ వైపు ఇది చాలామందికి వర్తిస్తుంది కాబట్టే మీ ఉత్తరం వేశాను. కొంచెం ఎక్కువ రాగానే మెడల్లరీ అని నిర్ణయించొద్దు. గొంతు స్కానింగ్ చేయించండి, అక్క రెట్ రిపోర్టు వచ్చేవరకు ఆగండి, కిడ్నీ డాక్టరుని అడిగి వీలైతే గ్యాస్ మాత్ర కొన్నాళ్లు ఆపి మళ్లీ చూడండి.

ప్రశ్న: మా అమ్మకి 2013లో పాపిల్లరీ క్యాన్సర్, ఫాలిక్యులర్ వేరియంట్ అని మొత్తం తీసేశారు. ఇప్పుడు ఒక డాక్టరు పాత రిపోర్టు చూసి, ఈ రోజుల్లో అయితే దీన్ని క్యాన్సర్ అనకపోయేవాళ్లేమో అన్నారు. అప్పుడు మమ్మల్ని మోసం చేశారా? (విజయనగరం)

జవాబు: లేదు, మోసం కాదు. చుట్టూ తొడుగుతో ఉండి, ఎక్కడా బయటికి చొరబడని ఒక రకం గడ్డకి 2016లో ప్రపంచ నిపుణులు పేరు మార్చి, క్యాన్సర్ అన్న మాట తీసేశారు. దాన్ని ఇప్పుడు నిఫ్ట్‌పీ అంటాం. అమ్మకి ఆపరేషన్ చేసిన రోజుకి ఆ పేరే లేదు. పాత బ్లాకులు దొరికితే మళ్లీ చూపించండి, తొడుగు మొత్తం చూసి చొరబాటు లేదని తేలితేనే ఆ పేరు ఇవ్వగలం. పదేళ్లుగా క్యాన్సర్ మనిషినని బతికినావిడకి ఆ మాట తీసేయడం చిన్న సంగతి కాదు. మాత్ర మాత్రం మానకూడదు, థైరాయిడ్ లేదు కదా.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. థైరాయిడ్ గడ్డ తీశాక ‘క్రిబ్రిఫార్మ్ మోర్యులర్’ అని రాసి, పెద్దపేగు పరీక్ష చేయించుకోమన్నారు. గొంతుకీ పేగుకీ ఏం సంబంధం? పొరపాటున రాశారా? (టెక్కలి)

జవాబు: పొరపాటు కాదు, ఆ రాసిన వాళ్లకి మీరు దండం పెట్టాలి. ఇది ఇంతకుముందు పాపిల్లరీలో ఒక రకంగా లెక్కవేసేవాళ్లు, 2022 నుంచి విడిగా చూస్తున్నారు. ఎక్కువగా చిన్న వయసు ఆడపిల్లల్లోనే వస్తుంది. ఇది వచ్చిన కొందరిలో ఏపీసీ అనే జన్యువులో పుట్టుకతోనే లోపం ఉంటుంది, ఆ లోపం ఉంటే పెద్దపేగులో వందల కొద్దీ పాలిప్స్ అనే చిన్న కండ మొలకలు పుట్టి, చూసుకోకపోతే తర్వాత క్యాన్సర్ అవుతాయి. పేగు జబ్బు బయటపడకముందే గొంతు గడ్డ చెప్పిందన్నమాట. కొలనోస్కోపీ చేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పేగు క్యాన్సర్ వచ్చిందా అని నాన్నమ్మని, అమ్మమ్మని అడిగి రాసుకుని వెళ్లండి. పెళ్లి సంబంధాలు చూస్తున్నారని రాశారు, ఆ కారణంతో దీన్ని దాచిపెట్టి వాయిదా వేయొద్దని మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: రెండో అభిప్రాయం కోసం విశాఖ వెళ్తున్నాం. రిపోర్టు జిరాక్సు చాలా? (చీపురుపల్లి)

జవాబు: చాలదు. రిపోర్టులో ఉండేది ఒకరి అభిప్రాయం, రెండోవాళ్లు చూడాల్సింది అసలు వస్తువు. సూది పరీక్ష అయితే స్లైడ్లు, ఆపరేషన్ అయితే స్లైడ్లతో పాటు మైనం బ్లాకులు అడిగి తీసుకోండి. అవి మీ ఒంట్లోంచి తీసినవి, అడగడానికి మొహమాటపడొద్దు. కొన్ని ల్యాబులు అర్జీ రాయించుకుని, రసీదు మీద సంతకం పెట్టించుకుని ఇస్తాయి, అది మంచి పద్ధతే. స్లైడ్ల మీద ఉన్న నంబరూ రిపోర్టు మీద ఉన్న నంబరూ ఒకటేనా అని అక్కడే నిలబడి సరిచూసుకోండి. స్కానింగ్ ఫిల్మ్, రక్త పరీక్షలు, ఇప్పటిదాకా జరిగిన ఆపరేషన్లన్నీ ఏ సంవత్సరం ఏది అని ఒక కాగితం మీద రాసి పెట్టండి, ఇంట్లో ఎవరికి ఏ క్యాన్సర్ ఉందో కూడా. స్లైడ్లు గాజువి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మధ్యలో దూది పెట్టండి. బ్లాకులు మైనంతో చేసినవి కాబట్టి ఎండాకాలంలో ఆపి ఉంచిన కారు అద్దం దగ్గర వదిలేయకండి, బ్యాగులో పెట్టుకుని నీడన ఉంచండి. పని అయ్యాక మళ్లీ తెచ్చి ఇచ్చిన చోటే అప్పగించండి, రేపు ఏ కొత్త పరీక్ష వచ్చినా ఆ మైనం ముక్కలోంచే చేయాలి.